గిన్నె ముక్కు

నంద్యాల, నూనెపల్లె
9-11-1986

మామకు దేవదానం నమస్కారాలు.

నీ కార్డు అందింది. "బాగుండా, మీరు బాగుండండి" అని ఒక వరస, కింద నీ పేరు. లూదియా కార్డును అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "మాట్లాడితే పన్ను కట్టాల్సొస్తాదని మా నాయనకు భయం" అనింది. కూతురే ఇట్లంటే అల్లుణ్ణి నేనేమనేది.

ఈ ఉత్తరం రాసేది ఒక పని మీద. మన షెడ్డు ఉండే జాగా ఆసామిది అని నీకు తెలుసు. కుందేరు అవతల నాలుగు పల్లెలు ఆయన మాట మీద లేస్తాయి, ఆయన మాట మీద పండుకుంటాయి. ఆయన అంబాసిడర్ కారు నేనే చూస్తాండా. మొన్న ఆయన డ్రైవర్ గురుస్వామి గోనెపట్టలో ఒక వస్తువు చుట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టినాడు. "ఇది కారుకు తగిలించాలంట. ఆసామి చెప్పినాడు" అన్నాడు.

విప్పి చూస్తే టర్బో. శ్రీశైలం డ్యాము పని అయిపోయినాక యంత్రాలు వేలం వేసినారు గదా, ఆడ ఒక చిన్న డీజిల్ ఇంజను మీద ఉండేదంట. రెండు నత్తగుల్లలు వీపుకు వీపు ఆనించినట్టు ఉండాది. ఒక గుల్లలోకి ఇంజను వదిలే పొగ పోతాది. ఆ ఊపుకు లోపల రెక్కల చక్రం తిరుగుతాది. అదే ఇరుసు మీద రెండో గుల్లలో ఇంకో చక్రం. అది బయటి గాలిని పీల్చి ఇంజన్లోకి ఊదుతాది. గాలి జాస్తి, పెట్రోలు జాస్తి, బలం జాస్తి. పుస్తకంలో ఇంతే రాసినారు, అదీ డీజిల్ ఇంజన్ల సంగతి. కార్బురేటర్ ఉండే పెట్రోలు కారుకు ఎట్ల పెట్టాలో ఐ.టి.ఐ.లో నాకెవురూ చెప్పలే.

నువ్వు యుద్ధం కాలంలో బెంగుళూరులో విమానాల షెడ్డులో పని చేసినావు. ఆ ఇంజన్లకు గాలి ఊదే యంత్రం ఉండేదని మా పెండ్లినాడు ఒక్కసారి నోరు జారినావు. ఎట్ల తగిలించేవాళ్లో రాయి మామా. ఈ పక్క ఇంతవరకు ఎవురూ చేయలే.

మీ అల్లుడు
దేవదానం


ఆళ్లగడ్డ
14-11-86

అల్లుడు దేవదానానికి,

ఉత్తరం చేరింది. మోకాలు నొప్పి. మిగతా అంతా బాగే.

ఆ ఊదుగొట్టం పెట్టొద్దు. అంబాసిడర్ ముసిలెద్దు. ముసిలెద్దుకు సారా తాపితే పరిగెత్తుతాది. తర్వాత పండుకుంటాది. లేయదు.

ఆసామికి అంత దూకుడు ఎందుకంట.

నతానియేలు


నంద్యాల
23-11-86

మామకు నమస్కారాలు.

ఎందుకు అని ఆసామిని నేనడగలే. ఆయన అడిగించుకునే మనిషి కాదు. గురుస్వామిని అడిగితే నవ్వినాడు. "రెండో పార్టీ ఆయన కొత్త జిప్సీ జీపు కొన్యాడప్పా. పోయిన నెల శిరివెళ్ల కాడ మమ్మల్ని దాటుకొని పోయినాడు. పోతా పోతా హారన్ కొట్టినాడు. ఆ హారను ఆసామి చెవిలో దూరింది, ఇంకా బయటికి రాలే. చెవులు కడగను నాకు చేతకాదు, అందుకే నీ కాడికొచ్చినా" అన్నాడు. నోరు తెరిస్తే ఇట్లనే మాట్లాడతాడు. ఆయన వస్తే షెడ్డులో పని సగం ఆగిపోతాది.

వద్దంటే షెడ్డు ఎత్తుకొని యాడికి పోయేది మామా. ఇంకోటి, నీ కాడ దాచను, నాకూ చేయాలనే ఉండాది. అన్నం తింటాన్నా ఆ రెక్కల చక్రమే కళ్ల ముందర తిరుగుతాంది. లూదియా కంచం లాక్కొని "దాన్నే తిను పో" అనింది.

నాకు రెండు దోవలు కనపడతాండాయి. టర్బోను కార్బురేటర్ తర్వాత పెడితే పెట్రోలు కలిసిన గాలిని పీల్చి ఇంజన్లోకి ఊదుతాది. ముందర పెడితే ఉత్త గాలిని కార్బురేటర్లోకి ఊదుతాది. ఏది మేలు? నువ్వు రాయకున్నా చేస్తా. రాస్తే సరిగ్గా చేస్తా.

దేవదానం


ఆళ్లగడ్డ
1-12-86

అల్లుడు దేవదానానికి,

ఎట్లైనా చేస్తానంటాండావు. చెడగొట్టి చేసేదానికంటే తెలిసి చేసేది మేలు.

ముందర పెట్టు. తర్వాత పెడితే గొట్టాల్లో అంతా పెట్రోలు గాలి నిండుంటాది. ఒక్క నిప్పురవ్వ చాలు.

ఇంజను హెడ్డు కింద మందం ప్యాకింగ్ వేయి. లేకుంటే లోపల గులకరాళ్లు పోసినట్టు మోగుతాది. పిస్టన్ పోతాది.

పెట్రోలు పంపు గట్టిది పెట్టు.

ముక్కుకు కూడా ఊదుగొట్టం గాలే పెట్టు. ఇది మరవొద్దు.

నాకు తెలిసింది ఇంతే.

లూదియా ఎప్పుడూ ఊరి సంగతులు రాయమంటాది. రాస్తాండా. మా గుడికి కొత్తగా ఒక ఆడమనిషి వస్తాంది. పేరు రాములమ్మ. కుందేరు పక్క పల్లె. మొగుణ్ణి చంపినారంట. పాస్టరయ్య గుడి వెనక గదిలో చోటిచ్చినాడు. మన మతం కాదు. అయినా పాటలప్పుడు వచ్చి చివర్న కూర్చుంటాది. నా మాదిరే, మాట్లాడదు. పోయిన ఆదివారం నాకు జొన్నరొట్టె తెచ్చిచ్చింది. ఏమీ అనలే. నేనూ ఏమీ అనలే. బాగుండింది.

నతానియేలు


నంద్యాల
28-12-86

మామకు క్రిస్మస్ వందనాలు.

పండగనాడు కూడా షెడ్డులోనే ఉన్నానని లూదియా రెండు దినాలు మాట్లాడలే. నిన్నటి నుంచి మాట్లాడతాంది, ఎందుకంటే కారు నడిచింది.

అంతా నువ్వు చెప్పినట్టే చేసినా. మందం ప్యాకింగ్ వేసినా. పంపు మార్చినా. ముక్కు కాడ మందం రేకుతో డబ్బా చేసి, టర్బో పైపు దానికే గట్టిగా బిగించినా. గాలి ఇంత కూడా బయటికి పోదు. సబ్బునీళ్లు పూసి చూసినా, ఒక్క బుడగ లేయలే.

నిన్న పొద్దున గురుస్వామి తోలినాడు, నేను పక్కన కూర్చున్నా. గోస్పాడు దాటినాక తొక్కమన్నా. మామా, అది మన అంబాసిడర్ కాదు. బానెట్ కింద ఈల మాదిరి సన్నగా ఒక శబ్దం, వెనక నుంచి ఎవురో పట్టి తోసినట్టు. గురుస్వామి చెయ్యి స్టీరింగు మీద బిగుసుకపోయింది. "ఏందప్పా, దీని లోపల ఎవుర్ని కట్టేసినావు" అన్నాడు. దిగినాక చెట్టు కాడికి పోయొచ్చి, "భయంతో కాదులే, చలికి" అన్నాడు.

నీ ఉత్తరం లూదియా నాలుగు సార్లు చదివింది. రొట్టె సంగతి చదివి నవ్వుకుంటాంది. "మా నాయన ఇన్ని మాటలు రాసినాడంటే రొట్టె మంచిదే" అనింది.

దేవదానం


ఆళ్లగడ్డ
3-1-87

అల్లుడు దేవదానానికి,

సంతోషం. ముక్కుకు గాలి పెట్టినావు గదా. అయితే భయం లేదు. నిదానంగా తోలమను.

నతానియేలు


నంద్యాల
11-1-87

మామకు నమస్కారాలు.

భయం లేదని రాసినావు. చిన్న చిక్కు ఉండాది. మామూలుగా పోతే కారు బంగారం. తొక్కుడు మీద తొక్కుడు తొక్కి, టర్బో గట్టిగా ఊదేటప్పుడు మాత్రం ఇంజను దగ్గుతాది. పెట్రోలు అందనట్టు. కాలు తీస్తే మళ్లా సర్దుకుంటాది. గురుస్వామి "దీనికి ఉబ్బసం తగిలిందప్పా, ఆకుమందు పోయి" అంటాడు. నిన్న గిద్దలూరు ఘాటు ఎక్కించి, దిగి బానెట్ ఎత్తి చూస్తే కార్బురేటర్ పక్కనుండే పెట్రోలు గిన్నె మూత మీద తడి. గుప్పున వాసన. మూత బిగించినా. మళ్లా తడి. ఆ గిన్నెకు జానెడు కిందనే టర్బో గుల్ల ఉండాది, ఘాటు మీద అది కొలిమిలో కొడవలి మాదిరి ఎర్రగా కాలుతాది. ఏం చేయాల మామా? బేగా రాయి. ఫిబ్రవరి పన్నెండుకు కారు తయారుగా ఉండాలంటాండారు. ఆ పొద్దు ఆళ్లగడ్డ రోడ్డు మీద జిప్సీని పట్టాలంట. ఏం పందెమో.

ఇంకో సంగతి. నువ్వు రాసిన రాములమ్మ మాట మొన్న గురుస్వామి కాడ ఊరకనే నా నోట వచ్చింది. మా మామకు రొట్టెలిచ్చే మనిషి దొరికింది అని ఎగతాళికి అన్నా. ఆయన నవ్వలే. "ఏ పల్లె?" అన్నాడు. కుందేరు పక్క అన్నా. గమ్మున లేసి పోయినాడు. సాయంత్రం ఆసామి మనుషులు ఇద్దరు వచ్చి ఆమె సంగతి అడిగినారు, ఏ గుడి, ఏ గది అని. నాకు తెలీదన్నా. వాళ్లు నమ్మినారో లేదో.

ఆమెది ఆసామి ఊరేనంట. ఆమె మొగుడు చచ్చిన కేసు కర్నూలు కోర్టులో ఉండాదంట. నువ్వు రాయకుండా ఉంటే బాగుండు అని లూదియా అంటాంది. నేను వాగకుండా ఉంటే బాగుండు అని నేనంటాండా.

దేవదానం


ఆళ్లగడ్డ
17-1-87

అల్లుడు దేవదానానికి,

ఉత్తరం చేరింది. చదివినా.

ఈడ జొన్న కోతలు మొదలైనాయి. చలి తగ్గలే. పక్కింటోళ్ల బర్రె ఈనింది. దూడ బతికింది.

రాములమ్మ ఈడ లేదు. వాళ్ల అన్న వచ్చి తీసుకపోయినాడు. యాడికో తెలీదు. అడిగినోళ్లకు అట్లే చెప్పు.

దగ్గు సంగతి. కార్బురేటర్లో సన్న సూది పెట్టు. సూది సన్నగుంటే పెట్రోలు జాస్తి పోతాది. దగ్గు తగ్గుతాది.

కారు చేసిచ్చి పక్కకు రా. పన్నెండో తేదీ నువ్వూ లూదియా ఈడికి రాండి. పదకొండునే రాండి. బస్సులో రాండి.

నతానియేలు


నంద్యాల
26-1-87

మామకు నమస్కారాలు.

సూదిని గరుకు కాగితం మీద సన్నగా రుద్ది పెట్టినా. నువ్వు చెప్పినట్టే దగ్గు తగ్గింది. వాసన మాత్రం పోలే. పూర్తిగా తొక్కి చూద్దామంటే గురుస్వామి ఒప్పుకోలే. "ఆ పొద్దుకు దాచిపెడతా" అన్నాడు. ఆయన ఇప్పుడు జాస్తి మాట్లాడతా లేడు. ఈ ఉద్యోగం మానుకుంటానని మొన్న అన్నాడు. "మానుకొని యాడికి పోతావన్నా" అంటే, "అదే గదప్పా, కారు తోలేటోనికి రోడ్డు కనపడదా అనుకుంటారు జనం. నాకైతే ఏ దోవా కనపడలే" అన్నాడు.

రాములమ్మ పోయిందని నువ్వు రాసింది ఆసామి మనుషులకు చెప్పినా. వాళ్లల్లో ఒకడు నవ్వినాడు. "గుడి కాడ ఇద్దరు పోలీసోళ్లు కూర్చోని ఎవురికి కాపలా కాస్తాండారు, ఏసుప్రభువుకా?" అన్నాడు. నువ్వు నాకు అబద్ధం రాసినావు మామా. ఎందుకు రాసినావో అర్థమైంది. నేనేమీ అనుకోలే.

పన్నెండున రావాలంటే కష్టం. చూస్తా.

దేవదానం

నాయనా, కింద జాగా ఉంటే నేను రాస్తాండా. పెండ్లయి తొమ్మిదేండ్లయింది. నువ్వు ఒక్కసారి కూడా రమ్మని రాయలే. నేనే వస్తాండా, పోతాండా. ఇప్పుడు తేదీ పెట్టి రమ్మంటాండావు. బస్సులో రమ్మంటాండావు. ఏంది నాయనా సంగతి? షెడ్డు కాడ పొద్దంతా కొత్త మనుషులు కూర్చుంటాండారు. ఇంజను పక్క చూస్తారు, ఈయన పక్క చూస్తారు. నాకు బాగలేదు. లూదియా.


ఆళ్లగడ్డ
2-2-87

అమ్మా లూదియా,

సంగతి ఏమీ లేదు. చూడాలనిపించింది. ముసిలోణ్ణి అయినా.

దేవదానాన్ని పిలుచుకొని రా. వాడు రాకుంటే జ్వరం అని చెప్పి పండుకోమను. కారు తాళాలు ఇచ్చేసి పండుకోమను.

పదకొండో తేదీ సాయంత్రం బస్టాండులో ఉంటా.

మీ నాయన


నంద్యాల
10-2-87

మామకు నమస్కారాలు.

రేపు లూదియా ఒక్కతే వస్తానంటే నేనే వద్దన్నా. కారణం రాస్తాండా.

ఈ పొద్దు ఆసామి షెడ్డుకు వచ్చినాడు. ఎప్పుడూ రాని మనిషి. స్టూలు మీద కూర్చొని ఇంజను చూసినాడు. "పన్నెండున నువ్వు ముందర సీట్లో కూర్చో" అన్నాడు. నాకేం పని అన్నా. "చేసినోడు బండిలో ఉంటే బండి నిలవదు" అన్నాడు. నవ్వతానే అన్నాడు. లూదియా ఇంట్లోనే ఉండాలంట, పనయినాక మాకు అన్నం వండాలంట. ఇద్దరు మనుషుల్ని మా ఇంటి అరుగు మీద పెట్టి పోయినాడు. ఈ ఉత్తరం కూడా లూదియా రైక మడతలో పెట్టుకొని పోయి డబ్బాలో వేయాల.

ఏం పందెమో నాకు తెలీదని రాసినా గదా. ఇప్పుడు తెలుసు. ఆ పొద్దు జిప్సీలో కోర్టుకు ఎవురు పోతారో తెలుసు. తెలిసీ కూర్చోబోతాండా. కూర్చోకుంటే ఏమవుతాదో అది కూడా తెలుసు.

తెల్లారగానే శిరివెళ్ల ఇవతల రోడ్డు పక్కన నిలబడతామంట. ప్రార్థన చేయి మామా. ఎవురికోసమని అడగొద్దు.

దేవదానం


ఆళ్లగడ్డ
12-2-87, పగలు 11 గంటలు

దేవదానం, నీ ఉత్తరం ఇప్పుడే పోస్టుమాన్ ఇచ్చినాడు. నంద్యాల బస్సు కండక్టరు చేతికి ఈ కార్డు ఇస్తాండా. కారు ఎక్కొద్దు. ఎక్కి ఉంటే దిగు. పెట్రోలు గిన్నె మూత మీద బెజ్జం ఉండాదే, దాన్నే నేను ముక్కు అనేది. ఊదే గాలి ఆ బెజ్జానికి కూడా సన్న గొట్టంతో పెట్టాల. పెట్టకుంటే కార్బురేటర్లో గాలి వెనక్కి తోసి గిన్నెలో పెట్రోలు ఆ బెజ్జంలో నుంచి పైకి చిమ్ముతాది. కింద ఎర్రగా కాలే గుల్ల మీద పడతాది. కారు అంటుకుంటాది. దిగు నాయనా. ఏమన్నా చేసి దిగు.

నతానియేలు


నంద్యాల, ఆసుపత్రి
8-3-87

మామకు,

మాటలు నావి, చేతిరాత లూదియాది. నా చేతులు రెండూ కట్టు కట్టినారు. ఎడమ చేతిలో రెండు వేళ్లు తీసేసినారు. మొహం ఒక పక్క కాలింది. కన్ను ఉండాది.

ఆ పొద్దు జరిగింది నీకు జనం చెప్పే ఉంటారు. నేనూ చెబుతా. ఏడు దాటినాక జిప్సీ మా ముందర నుంచి పోయింది. వెనక సీట్లో కొంగు కప్పుకొని ఒక ఆడమనిషి. గురుస్వామి వెంట పడినాడు. దగ్గరికి వచ్చినాము. జిప్సీ వెనక చక్రం మీది బురద కనపడేంత దగ్గర. వెనక కూర్చున్న ఆసామి "తొక్కు" అన్నాడు. గురుస్వామి నా పక్క చూసినాడు. నేను ఏమీ అనలే. ఆయన పూర్తిగా తొక్కినాడు. ఇంజను ఒక్క దగ్గు దగ్గింది, బానెట్ సందుల్లో నుంచి మంట లేసింది. ఆసామి, ఆయన మనుషులు వెనక తలుపులు తీసుకొని దూకినారు. నేనూ దూకినా. గురుస్వామి పక్క తలుపు రాలే. నేను తిరిగిపోయి లాగినా. వచ్చినాడు, కానీ అప్పటికే ఆలస్యం. ఐదు దినాలు నా పక్క మంచం మీదనే ఉన్యాడు, ఆరో దినం పోయినాడు. మూడో దినం దాకా మాట్లాడినాడు. "ఉబ్బసం కాదప్పా, క్షయ" అన్నాడు. ఆయన భార్య దేవమ్మ ఈడే లూదియా పక్కన నేల మీద కూర్చోనుండె. ఇద్దరూ ఒకే చెంబులో నీళ్లు తాగినారు.

నీ కార్డు ఆ పొద్దు మధ్యాహ్నం కండక్టరు ఇంటికి తెచ్చిచ్చినాడు. లూదియా చదివి కొంగున కట్టుకునింది. పోయిన వారం నాకు చదివి వినిపించింది. నేను మళ్లా చదవమన్నా. మళ్లా చదివింది.

మామా, ఆ కార్డు నువ్వు బస్టాండులో నిలబడి రాసినావు. ఐదు నిమిషాల్లో రాసినావు. బెజ్జం, గొట్టం, చిమ్మేది, కాలేది అన్నీ వరసగా ఉండాయి. ఆ పొద్దు నా ఉత్తరంలో ఇంజను సంగతి ఒక్క మాట కూడా లేదు. గిన్నె మూత మీద తడి అని నేను రాసింది జనవరి పదకొండున. నువ్వు బర్రె ఈనిందని రాసినావు. సన్న సూది పెట్టమన్నావు.

నిన్న ఆసామి వచ్చినాడు. బత్తాయిలు తెచ్చినాడు. స్టూలు మీద కూర్చొని, "ఇది నీకు నువ్వే నేర్చుకున్యావా, ఎవురన్నా చెప్పినారా?" అన్నాడు. నేనే అన్నా. "నీకు ఉత్తరాలు వస్తాంటాయంటనే" అన్నాడు. లూదియా పక్క చూసినాడు. మళ్లా వస్తానని పోయినాడు.

నేను నిన్ను తప్పు పట్టేటంత మంచోణ్ణి కాదు. ఆమె వెనక పోతాండామని తెలిసే కూర్చున్నా. అయినా అడుగుతాండా. నీకు జనవరిలోనే తెలుసా, తెలీదా? ఒక్క మాట రాయి.

దేవదానం

నాయనా, ఇది నా మాట. నాకు కూడా తెలియాల. లూదియా.


ఆళ్లగడ్డ
12-3-87

అమ్మా లూదియా,

ఇది నువ్వు చదివి నీ మొగునికి వినిపించు. మధ్యలో ఆపొద్దు.

తెలుసు.

మూత మీద తడి అని చదివినప్పుడే తెలిసింది. మేము బెంగుళూరులో ముక్కు అనేది గిన్నె మూత మీది బెజ్జాన్ని. గిన్నె దానిలో నుంచే ఊపిరి పీలుస్తాది, అందుకని. మీ నంద్యాల షెడ్లలో గాలి పోయే నోటినే ముక్కు అంటారని అప్పుడు అర్థమైంది. దేవదానం తప్పు చేయలే. నేను గిన్నె ముక్కు అని రాయాల్సింది. ముక్కు అని రాసినా. ఒక్క మాట తగ్గింది. అది తెలీక చేసింది.

తర్వాతది తెలిసి చేసింది. పన్నెండో తేదీ జిప్సీ ఆయన రాములమ్మను సాక్ష్యానికి కోర్టుకు తీసుకపోతాడని నాకు తెలుసు. బండి నిలిచిపోతాదిలే అనుకున్యా అని రాద్దామని మొన్న కూర్చున్నా. ఆ కాగితం చించేసినా. అబద్ధం. బెంగుళూరులో ఇట్లనే ఒక ఇంజను అంటుకునింది. చూసినా. దాని పక్కనుండే మనిషిని కూడా చూసినా. సన్న సూది పెడితే దగ్గు తగ్గుతాది, పూర్తిగా తొక్కేదాకా లోపల ఏముండాదో ఎవురికీ తెలీదు. అది తెలిసే రాసినా.

గురుస్వామి తోలుతాడని తెలుసు. ఆయన మాటలు నీ మొగుడు రాస్తాంటే ఒక్కణ్ణే కూర్చొని నవ్వేవాణ్ణి. అయినా సూది అనే రాసినా. దేవదానం ఆ కారులో ఉంటాడని తెలీదు. తెలిసుంటే రాసేవాణ్ణి కాదు. ఇది ఇంకా చెడ్డ మాట. దేవమ్మ మొగుడైతే సరే, నా కూతురి మొగుడైతే కాదు అన్నట్టు. అది కూడా నిజమే.

రాములమ్మ ఈడుండాదని బయటపెట్టింది నా ఉత్తరమే. ఒక్క రొట్టె ముక్కకు అన్ని మాటలు రాసినా. జన్మలో రాయనోణ్ణి.

పన్నెండుకు ముందర పోలీస్ స్టేషనుకు రెండు సార్లు పోయినా. గేటు కాడ నిలబడినా. "ఏం పెద్దాయనా" అన్నాడు లోపలి ఆయన. "ఏం లేదు" అన్నా. ఇంటికొచ్చినా. జిప్సీ ఆయన ఇంటి దాకా పోయినా. ఆడ పదిమంది కూర్చోనుండారు. అందరూ నా పక్క చూసినారు. తిరిగొచ్చినా. పాస్టరయ్య కాడ నోరు తెరిచినా. "మోకాలెట్లుంది" అన్నాడు. "ఉండాది" అన్నా. నాలుగు మాటలు చెప్పుంటే ఆమె వేరే దోవలో పోయుండు. ఎవురూ కాలకుండా ఉండు. కొత్తోళ్ల ముందర నాకు నోరు రాదని మీ అమ్మ ఉన్నప్పుడు నవ్వేది. నవ్వే సంగతి కాదు అది.

రాములమ్మ సాక్ష్యం చెప్పి వచ్చింది. వెనక కారు కాలింది చూసినా అనింది. దేవుడు అనింది. నేను ఏమీ అనలే. మొన్న పాస్టరయ్య ఆమెను దూరం పంపినాడు. యాడికో నాకు చెప్పొద్దన్నా. చెప్పలే. ఈసారి నిజంగానే తెలీదు.

ఇప్పుడు పని మాట. ఆసామి మళ్లా వస్తానన్నాడు గదా. వస్తే దేవదానం నేనే చేసినా అనొద్దు. నాకు తెలీదు అని కూడా అనొద్దు. ఈ ఉత్తరం చేతికియ్యండి. చదువు రాకుంటే లూదియా చదివి చెప్పాల, ఒక్క మాట కూడా విడవకుండా. చేతిరాత నాది. కింద నా పేరు ఉండాది. మీ ఇద్దరికీ ఏమీ తెలీదు, అది నిజం.

ఆళ్లగడ్డ బస్టాండు కాడ నుంచి అహోబిలం రోడ్డు పట్టుకోవాల. రాతిబొమ్మలు చెక్కేటోళ్ల కొట్టాలు దాటినాక ఎడమ పక్క సందు. కారు లోపలికి పట్టదు, సందు మొగన నిలపాల. నాలుగో ఇల్లు. రేకుల కప్పు, వాకిట్లో పాత లారీ టైరు ఉండాది. ఇంట్లో వేరే ఎవురూ లేరు. పక్కింట్లో చిన్నపిల్లలుండారు, కాబట్టి పిల్లలు బడికి పోయినాక వచ్చేది మేలు.

నేను యాడికీ పోను. పొద్దంతా ఇంట్లోనే ఉంటా.

నతానియేలు